లీత్ లింక్స్‌లో పిల్లలకు గోల్ఫ్ పరిచయం: స్వచ్ఛంద సేవకుల ఏర్పాట్లు

క్రీడా సమన్వయకర్త:

సభ్యులందరికీ నమస్కారం. ఎడిన్‌బరోలోని మన తెలుగు సంఘం వేసవి వనభోజనం రోజున ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు గోల్ఫ్‌ను పరిచయం చేయాలని కార్యవర్గం నిర్ణయించింది. గోల్ఫ్ ఆటకు ఇప్పటికి తెలిసిన తొలి లిఖిత నియమాలు, మొత్తం 13, 1744లో లీత్ లింక్స్ మైదానంలో జరిగిన పోటీ కోసమే రాశారు. అప్పట్లో ఇక్కడ ఉన్నవి 5 గుంతలే కాబట్టి మనమూ ఐదు కేంద్రాలే పెడదాం. పార్కు నేలను తవ్వకూడదు కనుక గుంతలకు బదులు హులాహూప్‌లు పరుస్తాం. పేర్లు ఇచ్చిన ముప్పై మందినీ ఆరుగురు చొప్పున ఐదు జట్లు చేసి, ఒక్కో కేంద్రంలో పన్నెండు నిమిషాలు ఉంచుతాం. ప్లాస్టిక్ కర్రలు, టెన్నిస్ బంతులు మాత్రమే వాడతాం. నగర మండలి అనుమతికి దరఖాస్తు పంపాం.

రెండో కేంద్రం బాధ్యురాలు:

సమన్వయకర్త గారూ, ఒక సందేహం. జట్లు కేంద్రాలు మారుతూ తిరుగుతాయి కనుక, కర్రను ఎన్నడూ పట్టని ఆరుగురు పిల్లలు నేరుగా స్వింగ్ (కర్రను ఊపి బంతిని దూరంగా కొట్టడం) కేంద్రంలోనే మొదలుపెట్టాల్సి వస్తుంది. బలంగా ఊపితేనే ఆట అని వారు అనుకుంటారు, తగలకపోతే విసుగు చెందుతారు. ముందు పావుగంట అందరిచేతా బంతిని నేలమీద మెల్లగా దొర్లించే పటింగ్ చేయిద్దాం. గుంతలోకి గోళీ పంపిన తాతయ్యలకూ ఇది చూడగానే అర్థమవుతుంది, వాళ్లే నేర్పించగలరు కూడా.

క్రీడా సమన్వయకర్త:

మంచి సూచన, అలాగే చేద్దాం. స్వింగ్ కేంద్రాన్ని మైదానం చివర పెట్టి, పిల్లలందరూ ఒకే దిక్కుకు కొట్టేలా నిలబెట్టి, ఈల వేశాకే బంతులు ఏరుకోనివ్వాలి. ఎడమచేతివాటం పిల్లలను వరుస చివర నిలబెట్టకపోతే ఒకరి వీపు వైపు మరొకరి కర్ర తిరుగుతుంది. 1744 నాటి మొదటి నియమం ప్రకారం బంతిని గుంతకు కర్ర పొడవు దూరంలోపే పెట్టి తర్వాతి ఆట ఆరంభించాలి. చరిత్ర మీద ఎంత మక్కువ ఉన్నా దీన్ని మనం పాటించలేం, ఎందుకంటే ముందు జట్టు పిల్లలు ఇంకా అక్కడే గుమిగూడి ఉంటారు. ప్రతి కేంద్రంలో ఇద్దరు పెద్దలు తప్పనిసరి.

నాలుగో కేంద్రం బాధ్యుడు:

మా కేంద్రంలో కొట్టడం లేదు, కొలవడమే. గోల్ఫ్ గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు. ఆ కొలతకు అట్టముక్కలో వృత్తం కత్తిరించి, అందులో ఎన్ని గోల్ఫ్ బంతులు పక్కపక్కన పడతాయో పిల్లలచేతనే చూపిస్తాం. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు కాబట్టి నాలుగు పడతాయి, ఐదోది పట్టదు. తర్వాత గోల్ఫ్ బంతి బరువా, టెన్నిస్ బంతి బరువా అని అడుగుతాం. చాలామంది గట్టిగా ఉన్న గోల్ఫ్ బంతే బరువంటారు గానీ, అది 45.93 గ్రాములకు మించకూడదు, టెన్నిస్ బంతి కనీసం 56 గ్రాములు ఉండాలి. తూచి చూపడానికి వంటింటి త్రాసు కావాలి.

రెండో కేంద్రం బాధ్యురాలు:

త్రాసు నేను తెస్తాను. ఉగాదికి లడ్డూలు తూచినదే. దయచేసి గడ్డిమీద కాకుండా బల్లమీద ఉంచండి.