రెండు దారులూ సమానమని ఎవరు కొలిచారు?

ప్రశ్న: కాంతి తరంగాలను మోసే ఈథర్ అనే మాధ్యమం అంతటా ఉందని ఒకప్పుడు అనుకునేవారు. దానిలో భూమి కదలికను పట్టుకోవడానికి చేసిన మైకెల్సన్, మోర్లీ ప్రయోగం చదువుతూ ఒకచోట ఆగిపోయాను. సగం వెండిపూత ఉన్న అద్దంతో కాంతిని రెండుగా చీల్చి, ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు దారుల్లో పంపి, మళ్లీ కలిపారు. భూమి ఈథర్‌లో సెకనుకు 30 కిలోమీటర్లు పోతుంటే ఒక కిరణం వెనకబడాలి. ఆ వెనకబాటు తరంగదైర్ఘ్యంలో సగం కూడా లేదు. రెండు దారుల పొడవూ అంత కచ్చితంగా సమానమని ఎలా నమ్మారు?

జవాబు: నమ్మలేదు, అంత కచ్చితంగా కొలవనూ లేదు. తెల్లకాంతిలో రెండు కిరణాలు కలిసినచోట రంగుల పట్టీలు కనబడేదాకా మర తిప్పి అద్దం సరిచేశారు, అంతే. కిటుకంతా పరికరాన్ని తిప్పడంలో ఉంది. 90 డిగ్రీలు తిప్పితే వెనకబడే కిరణం ముందుకొస్తుంది, పట్టీలు పక్కకు జరగాలి. దారి 11 మీటర్లు, భూమి వేగానికీ కాంతి వేగానికీ ఉన్న నిష్పత్తి వర్గం పది కోట్లలో ఒక వంతు, తిప్పితే కిరణాలు తారుమారవుతాయి కాబట్టి రెండు రెట్లు. లెక్కకడితే పట్టీ వెడల్పులో 0.4 వంతు జరగాలి.

మరొకరు: తిప్పితే పరికరమే వంగదా?

జవాబు: వంగుతుంది! ఏళ్లతరబడి విద్యార్థుల చేత ఈ ప్రాక్టికల్ చేయించినవాణ్ణి. కిరణం కింద అరచేయి పెట్టండి, ఏదీ తాకకండి. చేతి వేడికి లేచిన గాలికే పట్టీలు వంకర తిరుగుతాయి. పక్క గదిలో తలుపు వేస్తే వణికిపోతాయి. 1881లో మైకెల్సన్ ఈ బాధ పడలేకే బెర్లిన్ నుంచి పోట్స్‌డామ్‌కు మారాడు. (అప్పటి లెక్కలో జరుగుదల రెట్టింపుగా వేసుకున్నాడు. 1886లో భౌతికశాస్త్రవేత్త లోరెంజ్ ఆ తప్పు చూపాడు.) అందుకే 1887లో క్లీవ్‌లాండ్‌లో పెద్ద ఇసుకరాతి పలకను పాదరసంపై తేల్చారు. ఆరు నిమిషాలకో చుట్టు. ఆపకుండా, దానితోపాటు నడుస్తూ, చుట్టుకు 16 చోట్ల చూశారు. పైగా ఈథర్ ప్రభావమైతే చుట్టుకు రెండుసార్లు రావాలి. ఒకపక్క వేడెక్కడం వల్ల వచ్చేది సాధారణంగా ఒక్కసారే. అలా వేరుచేయవచ్చు. దొరికింది ఊహించినదానిలో ఇరవయ్యో వంతు కూడా లేదు.

అడిగినవారు: తిప్పడం అర్థమైంది. కానీ వాళ్లు చూసిన 1887 జూలైలో భూమి అనుకోకుండా ఈథర్‌తో కలిసి కదులుతుంటే?

జవాబు: ఆ అనుమానం వాళ్లకూ వచ్చింది. మూడు నెలలకోసారి మళ్లీ చూస్తామని రాశారు, చూడలేదు. నాకు మింగుడుపడనిది అదే. అమెరికా భౌతికశాస్త్రవేత్త డేటన్ మిల్లర్ 1925, 26లలో మౌంట్ విల్సన్ మీద వేర్వేరు రుతువుల్లో తిప్పి, ఈథర్‌లో భూమి వేగం సెకనుకు సుమారు 10 కిలోమీటర్లు వచ్చిందన్నాడు. 1930లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త యోస్ ఇలాంటి ప్రయోగమే చేసి 1.5 కిలోమీటర్లకు మించదన్నాడు. మిల్లర్ పట్టీలను జరిపింది ఉష్ణోగ్రత తేడాలేనని 1955లో షాంక్‌లాండ్ బృందం తేల్చింది. అరచేయి సంగతి చెప్పానుగా.