అలసిపోయిన నిర్వాహకుడు పోటీలను ఆపేయవచ్చా?

హన్మకొండ_స్క్వాడ్:
వరంగల్, హన్మకొండ, కాజీపేట ఆటగాళ్ళ కోసం శని, ఆదివారాల్లో మనం నడుపుతున్న బీజీఎంఐ (పబ్‌జీకి మన దేశపు రూపమైన ఫోను ఆట) పోటీలను కొంతకాలం ఆపాలని అనుకుంటున్నాను. లాబీకి, అంటే ఒకేసారి తలపడే ఒక గుంపుకు, 16 జట్లు, 64 మంది. ఏ జట్టుకు ఏ చోటో చెప్పే స్లాట్ల జాబితా వేయడం, ఆటలోకి రావడానికి రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ పంపడం, చివరి నిమిషంలో రాని జట్టుకు బదులు మరొక జట్టును వెతకడం, ఆట ముగిశాక స్క్రీన్‌షాట్లు చూసి పాయింట్ల పట్టిక తయారుచేయడం, హ్యాకింగ్ ఫిర్యాదులు వినడం పూర్తయ్యేసరికి రాత్రి ఒంటిగంట దాటుతోంది. 2020 సెప్టెంబరులో పబ్‌జీని నిషేధించినప్పుడు గానీ, 2022 జులైలో బీజీఎంఐని స్టోర్ల నుంచి తొలగించినప్పుడు గానీ నేను వెనక్కి తగ్గలేదు; 2023 మేలో ఆట తిరిగి వచ్చేవరకు బృందాన్ని చెదిరిపోనివ్వలేదు. ఇప్పుడు ఆట ఉంది, ఆటగాళ్ళున్నారు, నాకే మనసు రావడం లేదు. ఇలాంటప్పుడు ఉత్సాహాన్ని ఎలా నిలుపుకోవాలో అనుభవమున్నవారు చెప్పండి.

జగిత్యాల_రషర్:
ఆపకండి అన్నా. మా వైపు ఇలాంటి లాబీ ఇంకొకటి లేదు.

కాజీపేట_జంక్షన్:
ఉత్సాహం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. జట్టుకు 100 రూపాయల ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారు కదా, దాని లెక్క ఎక్కడ? 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌లో, అంటే పోటీగా ఆడే వీడియో గేముల్లో, పాల్గొనేందుకు రుసుము తీసుకోవడాన్ని, ఆటతీరును బట్టి బహుమతి ఇవ్వడాన్ని అనుమతించిన మాట నిజమే కానీ, ఆ ఆటకు గుర్తింపు, నమోదు ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది. ఈ సంగతి తేలకుండా అలసట గురించి మాట్లాడటం ఎందుకు?

హన్మకొండ_స్క్వాడ్:
ఆ డబ్బులో ఎక్కువ భాగం మొదటి మూడు జట్లకు బహుమతిగా వెళ్తుంది, మిగిలినది ఆట గది తెరవడానికి కావలసిన రూమ్ కార్డులకే చాలదు. నేను అడిగింది వేరు, మీరు చెబుతున్నది వేరు.

ఓరుగల్లు_పాతకాపు:
నిర్వాహకుడు గారి బాధ నాకు తెలుసు, ఎందుకంటే మా కాలనీలో క్రికెట్ టోర్నమెంటు నడిపిన రోజుల్లో నేనూ ఇలాగే నలిగిపోయాను. అయితే ఈ-స్పోర్ట్స్‌లో మరో భారం ఉంది: క్రికెట్ ఆడితే ఇంట్లో ఎవరూ అడగరు, ఫోను పట్టుకుంటే అడుగుతారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన క్రీడగా ఆడించారని, అక్కడ తీర్థ్ మెహతా మన దేశానికి కాంస్యం తెచ్చారని, 2023లో హాంగ్జౌలో పతకాల పట్టికలోనే చేర్చారని, 2022 డిసెంబరులో కేంద్రం దీన్ని క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చిందని ఎన్ని ఇళ్ళలో చెప్పుకుంటూ తిరగాలి? మనిషిని సగం తినేసేది ఈ వివరణలే. కొన్ని వారాలు ఆపితే కొంపేమీ మునగదని నా అభిప్రాయం.

కాజీపేట_జంక్షన్:
క్రీడల శాఖ పరిధిలోకి వచ్చినంత మాత్రాన మన 100 రూపాయలకు రసీదు వచ్చినట్టు కాదు. నా ప్రశ్న అలాగే ఉంది.

సుబేదారి_స్నైపర్:
రుసుము గొడవ పక్కన పెట్టండి. మా అమ్మాయిల జట్టు ఎందుకు మానేసిందో ఇక్కడ ఎవరైనా అడిగారా? రాత్రి పదిన్నరకు మొదలయ్యే లాబీలో హాస్టల్లో ఉండేవాళ్ళు మైకులో మాట్లాడలేరు, ఇంట్లో ఉండేవాళ్ళకు ఫోను చేతిలో ఉండదు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఒక లాబీ పెట్టండి, పాయింట్ల పట్టిక మేమే చూసుకుంటామని అడిగితే, ‘ఆ సమయంలో నాకు కుదరదు’ అన్నారు. మీకు కుదరకపోతే లాబీ జరగకూడదా అన్నా?

హన్మకొండ_స్క్వాడ్:
గతంలో ఒకరిని నమ్మి రూమ్ పాస్‌వర్డ్ చేతికిస్తే, స్లాట్ లేని తన స్నేహితులను లోపలికి రానిచ్చాడు. స్లాట్ ఉన్న జట్టు బయటే ఉండిపోయింది, తిట్లు నేను పడ్డాను. తప్పెవరిదైనా జనం నా పేరే ఎత్తుతారు. పని పంచుకుంటామని వచ్చేవారు ఆ మాట కూడా పంచుకుంటారా?

భూపాలపల్లి_షిఫ్ట్:
పాస్‌వర్డ్ ఇవ్వనివారు విశ్రాంతి అడగడం వింతగా ఉంది.

హన్మకొండ_స్క్వాడ్:
మీరు రెండు వారాలు నడిపి చూపించి, ఆ తర్వాత వింతల గురించి మాట్లాడండి.

సుబేదారి_స్నైపర్:
నడుపుతామనే కదా అడుగుతున్నాం! దీన్ని మీరు బృందం అంటారు, కానీ ఆడే సమయమూ, జట్ల ఎంపికా, చివరికి ఆపేయాలన్న నిర్ణయమూ మీ ఒక్కరివే. మీరు అలసిపోతే వరంగల్ మొత్తం ఎందుకు ఆగాలి? విశ్రాంతి తీసుకోండి, మేమెవరం వద్దనడం లేదు. మీరు లేనప్పుడు బృందం పేరుతో లాబీ నడిపే హక్కు మాకుందా లేదా, అది చెప్పండి.

ఓరుగల్లు_పాతకాపు:
అసలు ప్రశ్న ఇది. నేను ఉత్సాహం గురించి అనవసరంగా అంత రాశాను.

హన్మకొండ_స్క్వాడ్:
పాయింట్ల పట్టిక ఈ రోజే ఇచ్చేస్తాను. బృందం పేరు మాత్రం ఇప్పుడే ఇవ్వలేను. ఆ పేరు మీద బహుమతి డబ్బు ఇంకా రెండు జట్లకు బాకీ ఉంది, అది తీర్చకుండా ఇంకొకరి నెత్తిన పెట్టలేను.

కాజీపేట_జంక్షన్:
బాకీ ఉందా? నేను మొదటి నుంచీ అడుగుతున్నది ఇదే కదా.

సుబేదారి_స్నైపర్:
పేరు మీ దగ్గరే ఉంచుకోండి. ఈ ఆదివారం మూడు గంటలకు వేరే పేరుతో, రుసుము లేకుండా, బహుమతి లేకుండా లాబీ పెడుతున్నాం. రూమ్ కార్డు మాదే.

జగిత్యాల_రషర్:
ఆ మూడు గంటల లాబీలో అబ్బాయిల జట్లకు కూడా స్లాట్లు ఇస్తారా అక్కా?