బొమ్మల పుస్తకంలో ఒత్తులు విడిపోతున్నాయి, అర్జెంట్

బొమ్మలపెట్టె: పొద్దున్నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. పిల్లలకి బొమ్మల పుస్తకం చేస్తున్నా, సూర్యలంక బీచ్‌లో ఒక పాపకి ఇసుక మీద తాబేలు గుడ్లు కనిపిస్తాయి, వీటి అమ్మ ఎక్కడుందో అని వెతుక్కుంటూ నీళ్ళడుగున ఊళ్ళన్నీ తిరిగొస్తుంది. బొమ్మలన్నీ అయిపోయాయి. టెక్స్ట్ పేస్ట్ చేస్తే మాత్రం గవ్వ కాస్తా గవ్‌వ, సముద్రం సముద్‌రం. ఫోన్‌లో బానే ఉంది, వర్డ్‌లో బానే ఉంది, ఫాంట్లు మార్చి మార్చి విసుగొచ్చింది. రేపు ప్రెస్‌కివ్వాలి.

కీబోర్డు: ఏ సాఫ్ట్‌వేర్?

తీరంవాసి: మీరడిగింది ఇది కాదు గానీ చెప్పకుండా ఉండలేను. అక్కడికొచ్చే ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గొయ్యి తవ్వి వందకి అటూఇటూగా గుడ్లు పెట్టి ఇసుక కప్పేసి వెంటనే సముద్రంలోకి వెళ్ళిపోతుంది, ఆ గుడ్ల కోసం మళ్ళీ రాదు. గుడ్లు పైకి కనపడవు. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొచ్చి వెలుతురు ఎటుంటే అటు పోతాయి, ఒడ్డున లైట్లుంటే రోడ్డు వైపొచ్చి చచ్చిపోతాయి. పాప చేతిలో టార్చి ఉంటే తీసేయండి. గుడ్లు ముట్టుకునే బొమ్మ అసలొద్దు, పిల్లలు చూసిందే చేస్తారు.

డీటీపీ: ఫోన్‌లో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగుతో ఎప్పుడూ ఇదే గొడవ. డీటీపీ వాళ్ళు వాడే పాత పద్ధతి అను ఫాంట్లలో కొట్టించండి, ప్రెస్ వాళ్ళకీ అదే అలవాటు.

కీబోర్డు: అనులో కొడితే రేపు ఈబుక్ కావాలంటే మొత్తం యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేసుకోవాలి. అసలిది ఫాంట్ ప్రాబ్లమే కాదు.

డీటీపీ: మరి అక్షరాలెందుకు విడిపోతున్నాయండీ?

కీబోర్డు: ఒత్తులు ఫాంట్‌లోనే ఉంటాయి, వాటిని కలిపి పేర్చాల్సింది సాఫ్ట్‌వేర్. అందుకే పేరడిగా.

బొమ్మలపెట్టె: ఇన్‌డిజైన్, పేజీలు పేర్చే అడోబ్ సాఫ్ట్‌వేర్. తీరంవాసి గారూ, కథంతా ఊహే కదండీ, నీళ్ళలో ఊళ్ళుంటాయా?

తీరంవాసి: ఊళ్ళు ఊహని పిల్లలకి తెలుసు. గుడ్లు బయట పడుండటం నిజమే అనుకుంటారు.

కీబోర్డు: టెక్స్ట్ మొత్తం సెలెక్ట్ చేసి పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబ్ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ పెట్టండి. ఫాంట్ మండలి లాంటి యూనికోడ్‌ది ఉండాలి. ప్రెస్‌కి పీడీఎఫ్ పంపండి.

బొమ్మలపెట్టె: కలిశాయి, థాంక్సండి. 30 పేజీలొచ్చింది, మధ్యలో పిన్ కొడతారట, పర్లేదా?

డీటీపీ: 4తో భాగం పోవాలి. 32 చేయండి.

తీరంవాసి: ఆ రెండు పేజీల్లో గుడ్ల బదులు తాబేలు పాకిన జాడ వేయండి. కుడి రెక్క ఒకసారి ఎడమ రెక్క ఒకసారి ఈడ్చిన గుర్తులు పడతాయి, మధ్యలో పొట్ట రాసుకున్న చార.