పాత 5.1కి కొత్త టీవీ: ఆప్టికల్ వైరు చాలా, రిసీవరే మార్చాలా?

హన్మకొండ_పోరడు: ఇంటికి కొత్త 55 అంగుళాల టీవీ తెచ్చినం. నాన్న 2007లో కొన్న 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) రిసీవర్, స్పీకర్లు ఇంకా బాగానే మోగుతున్నాయి. దాని వెనక ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైరులోనే బయటికి పంపేది) లేదు, ఆప్టికల్ సాకెట్ ఉంది. దానికే కలపాలా, అమ్మేసి సౌండ్‌బార్ కొనాలా? నేనుండేది పుణెలో. ఎల్లుండి బయల్దేరేలోపు తేలాలి.

పాత_మెకానిక్: తమ్మీ, సెట్టు అమ్మొద్దు. ఆప్టికల్‌లో డాల్బీ డిజిటల్ 5.1 పూర్తిగా వస్తుంది. టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్ పీసీఎం మీద ఉంటే రెండు చానళ్ళే వస్తాయి, దాన్ని డాల్బీ డిజిటల్‌కి మార్చు. స్పీకర్ వైర్లలో ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి పడ్డాయా చూడు. ముందు స్పీకర్లలో ఒక్కటి తారుమారైనా బేస్ సగం మాయమవుతుంది. జనం ఇది చూడకుండా సెట్టు పోయిందంటారు.

సౌండ్_పిచ్చోడు: కాకా, ఆప్టికల్ 1983 నాటి సరుకు. దాంట్లో అట్మాస్, అంటే తల పైనుంచి కూడా వినిపించే సౌండ్, రాదు. ఓటీటీ యాప్‌లలో అట్మాస్ వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్‌లో, దానికి ఏఆర్‌సీ కావాలి. బ్లూరే డిస్క్‌లోని ట్రూహెచ్‌డీ సౌండ్ టీవీ మీదుగా రావాలంటే ఏఆర్‌సీలో కొత్త రకం, ఈఏఆర్‌సీ, ఉండాల్సిందే.

పాత_మెకానిక్: ఆ పిల్లగాడి దగ్గర ఉన్నది 5.1. పైకప్పులో స్పీకర్లే లేనోడికి అట్మాస్ ఎందుకు?

కాజీపేట_జంక్షన్: మా సబ్‌వూఫర్ ఎప్పుడూ గుయ్యిమంటది. ఎందుకు?

పాత_మెకానిక్: సెట్‌టాప్ బాక్స్ కేబుల్ వైరు పీకి చూడు. గుయ్యి ఆగితే ఎర్త్ లూపు, అంటే వైర్ల ఎర్త్‌ల మధ్య కరెంటు తిరుగుతున్నట్టు. ఆప్టికల్‌లో పోయేది వెలుతురు, కరెంటు కాదు, ఆ దారిలో ఈ గోల రాదు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

వడ్డేపల్లి_కట్ట: మా సబ్‌వూఫర్ మోగితే పక్కింటోళ్ళ బీరువా మోగుతుంది. సౌండ్‌బార్ కొనుక్కో, కాలనీ బతుకుతుంది.

సౌండ్_పిచ్చోడు: మళ్ళీ ఆప్టికల్! అట్మాస్ వస్తదా రాదా, ఒక్క మాట చెప్పు కాకా.

పాత_మెకానిక్: రాదు. అయితే ఏంది? చౌరస్తాలో 22 ఏళ్ళు షాపు నడిపిన. బాగున్న రిసీవర్లను పాత సామాన్లోడు కిలో లెక్కన తూకమేసుకుపోతుంటే నా కళ్ళతో చూసిన. ఏడాదికో కొత్త పేరు పెడతారు, మీరు ఉరుకుతారు. మీకు కావాల్సింది సౌండ్ కాదు, డబ్బా మీది స్టిక్కర్.

సౌండ్_పిచ్చోడు: స్టిక్కరా? అయితే విను. నాన్న పోయినంక ఇంట్లో అమ్మ ఒక్కతే. నేను హైదరాబాద్‌లో. నాన్న సెట్టుకి మూడు రిమోట్లు: టీవీది, బాక్సుది, రిసీవర్‌ది. ఒకరోజు చెయ్యి తగిలి రిసీవర్ టీవీ నుంచి సీడీ ఇన్‌పుట్‌కి మారింది. నేను పనిలో ఉంటానని అమ్మ ఫోన్ చెయ్యలేదు. దసరాకి పోయి చూస్తే సీరియల్ మూగగా నడుస్తుంది, అమ్మ బొమ్మలు చూస్తూ కూర్చుంది. ఎన్నాళ్ళ నుంచని అడిగితే బోనాలప్పటి నుంచి అంది. ఏఆర్‌సీ పెట్టి, టీవీలో సీఈసీ (ఒక్క రిమోట్‌తో రెండూ నడిచే సెట్టింగ్) ఆన్ చేసిన. టీవీ పెడితే సౌండ్‌బార్ అదే లేస్తుంది, వాల్యూమ్ టీవీ రిమోట్‌తోనే. ఆప్టికల్ ఈ పని చేస్తదా?

పాత_మెకానిక్: చెయ్యదు. ఈ మాట మొదటే చెప్తే ఇంత లొల్లి ఎందుకు? అట్మాస్ అట్మాస్ అని రెండు రోజులు గుంజినవ్. రిసీవర్ రిమోట్‌లో వాల్యూమ్, పవర్ వదిలి మిగతా మీటల మీద టేపు అంటిస్తే సరిపోయేది.

సౌండ్_పిచ్చోడు: అంటించిన కాకా. రిమోట్‌కి ఏదో అంటుకుందని కొబ్బరినూనె రాసి మరీ పీకేసింది.

పాత_మెకానిక్: అయినా సెట్టు అమ్మాల్సింది కాదు.

సౌండ్_పిచ్చోడు: అమ్మిననని ఎవరు చెప్పిండ్రు? అటక మీద ఉంది.

హన్మకొండ_పోరడు: ఆప్టికల్ కలిపిన. సౌండ్ రావట్లేదు. సెట్టింగ్ మార్చిన, వైర్లు చూసిన.

పాత_మెకానిక్: వైరు రెండు కొసలకూ చిన్న ప్లాస్టిక్ మూత ఉంటది. తీసినవా?

హన్మకొండ_పోరడు: ఒక కొసకి తీసిన. రెండోదానికి ఉన్నట్టే తెలియదు. ఇప్పుడు వచ్చింది, ఐదూ మోగుతున్నాయి!

సౌండ్_పిచ్చోడు: మంచిది. నువ్వు పుణె పోయినంక వాల్యూమ్ ఎవరు పెంచుతారు?

హన్మకొండ_పోరడు: అమ్మనే. ఇప్పుడు రిసీవర్ మీద తిప్పే నాబ్‌తో పెంచుతున్నాం. రిమోట్ కోసం వెతుకుతున్నం.