ఎండబెట్టిన రేగి, కలే, నేరేడు పండ్లు: పోషకాలు ఎంత, ప్రచారం ఎంత?

ప్రశ్న (చంద్రగిరి నుంచి ఒక గృహిణి)

సంక్రాంతి దాటాక మా అత్తగారు రేగిపండ్లను మిద్దె మీద ఎండబెట్టి డబ్బాలకు ఎత్తి పెడతారు. వేసవి చివర భాకరాపేట వైపు నుంచి తట్టల్లో వచ్చే కలే పండ్లనూ (వాక్కాయ జాతి చిన్న అడవి పండ్లు) కొంత ఎండబెడతారు. అవి రక్తం పట్టిస్తాయని మా పదకొండేళ్ల పాపకు, చక్కెరను అదుపులో పెడతాయని మా వారికి రోజూ గుప్పెడు చొప్పున ఇస్తున్నారు. పాపకు రక్తహీనత ఉందని, మా వారికి మధుమేహం ఉందని వైద్యులు చెప్పారు. అత్తగారి మాటను కాదనాలని నాకు లేదు గానీ, ఎండిన పండులో నిజంగా ఏమి మిగులుతుందో, ఎవరు ఎంత తినవచ్చో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1 (ఆహార సలహాదారు, తిరుపతి)

ఎండబెట్టడం వల్ల పండులో నుంచి పోయేది ముఖ్యంగా నీరు. చక్కెర, పీచు, పొటాషియం వంటి ఖనిజాలు అందులోనే ఉండి చిక్కబడతాయి. చైనా రేగు లెక్క చూడండి: వంద గ్రాముల పచ్చి పండులో సుమారు 79 కేలరీలు, 20 గ్రాముల పిండిపదార్థం ఉండగా, అంతే బరువైన ఎండు పండులో కేలరీలు 280 దాకా, పిండిపదార్థం 70 గ్రాములకు పైగా ఉంటాయి. మన రేగి వేరే జాతి కనుక అంకెలు కొంత మారవచ్చు, లెక్క తీరు మాత్రం ఇదే. పచ్చిగా ఉన్నప్పుడు గుప్పెడు తిని ఆగే మనిషి, ఎండాక అదే గుప్పెడులో మూడు నాలుగు గుప్పెళ్ల పండు తింటున్నాడన్నమాట. అందువల్ల మీ వారికి గుప్పెడు లెక్క పనికిరాదు. నాలుగైదు పండ్లు, అదీ భోజనంలోని అన్నం కొంత తగ్గించి ఇవ్వండి, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోండి. ఆయన మందులు ఆపడం మాత్రం వద్దు.

పాప విషయానికి వస్తే, కలే పండులో ఇనుము ఉన్నమాట నిజమే. అయితే మొక్కల నుంచి వచ్చే ఇనుమును శరీరం కొద్దిగానే గ్రహిస్తుంది, వగరునిచ్చే టానిన్లు ఆ కొద్దినీ తగ్గిస్తాయి. దానికి తోడ్పడే సి విటమిన్ వేడికి, గాలికి నశిస్తుంది కనుక, ఎండలో రోజుల తరబడి పడి ఉన్న పండులో అది చాలావరకు పోయి ఉంటుంది. పాపకు భోజనంలో నిమ్మరసమో పచ్చి ఉసిరికాయ ముక్కో చేర్చి, అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకుండా, వైద్యులు రాసిన ఇనుము మాత్రలను కొనసాగించండి. ఎండు కలే పండ్లు తోడుగా ఉండవచ్చు, మాత్రలకు బదులు కావు.

సమాధానం 2 (పీలేరు, విశ్రాంత ఉపాధ్యాయుడు)

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, పీచు గురించి ఒక మాట. మలబద్ధకం ఉన్న పెద్దవారికి ఎండు రేగిపండ్లను రాత్రి నానబెట్టి, ఉదయం ఆ నీళ్లతో సహా తినిపించడం మా ఇంట్లో ముందు నుంచీ ఉన్న అలవాటు. నీళ్లు తగినన్ని తాగితేనే పీచు పనిచేస్తుంది. ఇక ఎండబెట్టే తీరు ముఖ్యం. రేగిపండు పైకి నిగనిగలాడుతున్నా లోపల పురుగు ఉండవచ్చు కనుక, ప్రతి పండునూ చీల్చి చూసి, గింజ తీసి, పలుచటి బట్ట కప్పి ఆరబెట్టాలి. చెమ్మ మిగిలితే బూజు పడుతుంది; బూజు పట్టిన పండును గీకి తినకూడదు, పారేయాలి. ఉప్పు, కారం, బెల్లం దంచి చేసే రేగి వడియాలు నాకు ప్రాణం, కానీ వాటిని పండుగా లెక్కవేసుకోకండి.

సమాధానం 3 (చిత్తూరు)

నేరేడు గింజల పొడి మధుమేహాన్ని తగ్గిస్తుందని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. దానిపై జంతువుల మీద ప్రయోగాలు చాలానే జరిగాయి. మనుషుల మీద, మందును వదిలి దాన్ని నమ్ముకోవచ్చనేంత బలమైన ఆధారం లేదు. పండులోని ఊదా రంగుకు కారణమైన ఆంథోసైనిన్లు మేలు చేసే పదార్థాలే, కానీ ఎండ వాటినీ కొంత హరిస్తుంది. తిరుపతి అంగళ్లలో దొరికే ఎండు క్రాన్‌బెర్రీలకు సాధారణంగా చక్కెర కలిపి ఉంటుంది. కొనే ముందు పొట్లం వెనుక చదవండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పొటాషియం దృష్ట్యా ఏ ఎండు పండునైనా వైద్యుణ్ణి అడిగే తినాలి. మరొకటి: శేషాచలం అడవిలో కొంత భాగం జాతీయ వనం, అక్కడ పండ్లు కోయకూడదు, అంగట్లోనో, చేను గట్టు మీదనో దొరికినవి చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పండ్లను లెక్కపెట్టి ఇద్దామని అత్తగారితో చెప్పాను. ‘అయితే ఐదు కాదు, ఆరు’ అన్నారు. రేపు గ్లూకోమీటరు చూశాక మళ్లీ మాట్లాడుకుంటామని ఒప్పందం కుదిరింది.