కూర్చొని ధ్యానం చేసేకి తీరని వాళ్లు పొద్దున పనుల్లోనే మైండ్‌ఫుల్‌నెస్ ఎట్లా సాధన చేయాల?

తాడిపత్రి_బండ (ప్రశ్న)
అక్కలకు, అన్నలకు నమస్తే. మాది అనంతపురం. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా వాకిలి ఊడ్చేది, ముగ్గేసేది, సంగటి కెలికేది, బోకులు తోమేది, ఆమీద బస్సు. కండ్లు మూసుకొని కూర్చుంటే నిద్ర వస్తుంది. ఈ పనుల్లోనే మైండ్‌ఫుల్‌నెస్ (చేసేదాని మీదే ఎరుకతో ఉండేది) చేయొచ్చంటారు గానీ "ఈ క్షణంలో ఉండండి" అనే మాట దాటి ఎవరూ చెప్పడం లేదు. చేతులు పని చేస్తా ఉంటే మనసు దేని మీద పెట్టాల? ఎంతసేపు? తప్పు దోవలో పోతే ఎట్లా తెలుస్తుంది? పని ఆలస్యం కాకూడదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కేసీ_కాలువగట్టు
అక్కా, మొదట చేయకూడనిది చెప్తా. ఊడ్చేది, తోమేది, వండేది అన్నీ ఒకే రోజు ఎత్తుకోవద్దు. మూడో రోజుకు అన్నీ వదిలేస్తారు. ఒకే పని, రోజూ 5 నుంచి 10 నిమిషాలు, రెండు వారాలు. అది కుదిరినాక రెండోది.

మనసు పెట్టేది పని మీద కాదు, ఆ పనిలో ఒంటికి తగిలే ఒక్క స్పర్శ మీద. దూడను గుంజకు కట్టినట్టు. దూడ పలుపు పొడుగున తిరుగుతుంది, మళ్లీ గుంజ దగ్గరికే వస్తుంది. మనసు కరెంటు బిల్లు మీదికి పోయిందని కనిపెట్టి వెనక్కి తేవడమే సాధన. పది నిమిషాల్లో ముప్పైసార్లు పోయినా సాధన చెడినట్టు కాదు. ముప్పైసార్లు తిరిగి వచ్చినట్టు. ఈ ఒక్క ముక్క ఎక్కకనే శానా మంది "నాకు చేతకాదు" అని మానుకుంటారు.

మీరు చెప్పిన పనుల్లో నేనైతే ముగ్గునే ఎంచుకోమంటా. నడుమ 7 చుక్కలు, సందు చుక్క 4 దాకా పెట్టండి. వరసలు 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండి జారే ఆ గరుకే మీ గుంజ. చుక్క పెట్టేటప్పుడు రెండు వేళ్లు కలిసి విడిపోయేది గమనించండి, గీత లాగేటప్పుడు పిండి జారే వేగం గమనించండి. వేరే లెక్క, శ్వాస, మంత్రం ఏమీ కలపొద్దు. చుక్కల లెక్కే చాలు.

ముగ్గులో ఇంకో సులువుంది. తప్పు కంటికి కనబడుతుంది. గీత ఒకచోట లావై, ఇంకోచోట సన్నబడి తెగిందంటే మనసు అక్కడే పక్కకు పోయిందని అర్థం. చెరిపి మళ్లీ వేయొద్దు. ఆ తెగిన చోటు చూసి ముందుకు పోండి. పిండి మరీ పొడిగా, నున్నగా ఉంటే చేతిలో నిలవదు. అది మనసు తప్పు కాదు, పిండి తప్పు. ఆషాఢం గాలి మన పక్క తెలిసిందే. ఆ నెలంతా తడి నేల మీద సుద్దముక్కతో వేసుకోండి, గరుకు ఇంకా బాగా తెలుస్తుంది.

దేవునికడప_తేరు
ముగ్గు మాట నిజమే. అయితే సంగటిని వదలొద్దు. పరధ్యానంగా ఉన్నారో లేదో అది ముఖం మీదే చెప్తుంది.

నలుగురికి కొలత: బియ్యం 1 గ్లాసు, అరగంట నానాల. నీళ్లు 5 గ్లాసులు. అన్నం మెత్తగా ఉడికి గంజి ఇంకా ఉండగానే రాగిపిండి ఒకటిన్నర గ్లాసు నడుమ కుప్పగా పోసి, తెడ్డు వెనక వైపుతో గుంత చేసి, మూతపెట్టి సన్నమంట మీద 8 నుంచి 10 నిమిషాలు. ఇక్కడే అందరూ ఫోన్ పట్టుకుంటారు. ఆ పది నిమిషాలే మీ సమయం. పొయ్యి దగ్గర నిలబడి అరికాళ్ల బరువు గమనించండి. మడమ మీద ఎంత, మునివేళ్ల మీద ఎంత, ఏ కాలి మీద ఎక్కువ. ఆమీద ముక్కుకు వచ్చే వాసన. పచ్చిపిండి వాసన పోయి ఉడికిన వాసన వచ్చేటప్పుడు ఒక మలుపు ఉంటుంది. దాన్ని పట్టుకోగలిగితే ఆ రోజు సాధన అయినట్టే.

దించి తెడ్డుతో కెలికేటప్పుడు నెమ్మది పనికిరాదు. బలంగా, గిన్నె అంచు నుంచి నడుమకు కెలకాల. చెయ్యి మెత్తబడితే ఉంటలు కడతాయి. గమనించాల్సింది మోచేతిలో, భుజంలో ఎక్కే బిగువు. దవడ, నొసలు కూడా బిగుసుకొని ఉంటాయి, వాటికి పని లేదు కదా, వదిలేయండి. ఉడికిందా అనేకి తడి వేలితో ముట్టి చూడండి, అంటుకోకూడదు. ముద్ద చేసేటప్పుడు చేతులు తడుపుకోండి. ఆ వేడి, తడి ఒకేసారి తెలిసేంత గట్టి స్పర్శ ఇంకో పనిలో దొరకదు.

తినేదాని గురించి ఒక మాట. మైండ్‌ఫుల్‌నెస్ పాఠాల్లో "ముప్పైసార్లు నమలండి" అంటారు. సంగటిని మన పక్క శానా మంది నమలరు. తుంచి, పులుసులోనో ఊరిబిండిలోనో అద్ది మింగుతారు. నమిలితే పళ్లకు అంటుకుంటుంది, ఆమీద చిరాకు. కాబట్టి సంగటికి గుంజ నోట్లో కాదు, వేళ్లలో, గొంతులో పెట్టుకోండి. తుంచినప్పుడు సాగేది, వేడి తగిలేది, గొంతు దిగేది. మొదటి మూడు ముద్దలు అట్ల తింటే చాలు, తర్వాత ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోండి.

నమిలే సాధనే కావాలంటే వేయించిన చెనిక్కాయ విత్తనాలు మూడు తీసుకోండి. జాన్ కబట్-జిన్ అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో 1979లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణలో ఎండుద్రాక్షతో ఈ అభ్యాసం చేయిస్తారు. మనకు చెనిక్కాయే నయం. పొట్టు వేళ్ల మధ్య నలిగే చప్పుడు, విత్తనం రెండు బద్దలయ్యేది, మొదట కరకర, తర్వాత నూనె, చివర్లో తీపి. ఒక్కో విత్తుకు ఒక నిమిషం.

బుక్కపట్నం_చెరువు
పైవాళ్లు చెప్పినదానికి రెండు మూడు చేరుస్తా.

బోకులు తోమేటప్పుడు కొళాయి తిప్పి పెట్టి నిదానంగా కడగమని వీడియోల్లో చూపిస్తారు. మన జిల్లాలో అది తప్పు పని. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి తోమేకి, ఒకటి జాలాడించేకి. జిడ్డు ఉన్నచోట వేలు జారుతుంది, పోయినచోట కిర్రుమంటుంది. ఆ తేడానే గమనించేది. వేగం ఎప్పటి వేగమే. నిదానంగా చేస్తేనే ఎరుక అనుకోవడం పెద్ద పొరపాటు. పని ఆలస్యమై ఇంట్లో విసుగు పుడుతుంది, నాలుగు రోజుల్లో సాధన ఆగిపోతుంది.

రెండో పొరపాటు లోపల వ్యాఖ్యానం. "ఇప్పుడు గ్లాసు కడుగుతున్నా, ఇప్పుడు చెంచా కడుగుతున్నా" అని మనసులో చెప్పుకుంటా ఉంటే అది కూడా ఆలోచనే. మాట లేకుండా తగిలేది తెలియాల. మొదట్లో రాకపోతే "చల్లన", "గరుకు" అని ఒక్క ముక్క చాలు.

మూడోది, ప్రశాంతత వచ్చిందా లేదా అని మాటిమాటికీ తడిమి చూసుకోవడం. విత్తనం పాతి రోజూ తవ్వి చూసినట్టు. కోపం ఉంటే కోపంతోనే తోమండి. అది ఒంట్లో యాడ ఉందో, ఎదలోనా, గొంతులోనా, పిడికిట్లోనా చూడండి. దాన్ని అణచేకి ఈ సాధన వాడొద్దు.

బస్సులో శబ్దాలు పెట్టుకోండి. దూరంవి, దగ్గరవి, మీ ఒంట్లోవి. నచ్చినా నచ్చకపోయినా వచ్చేవి రానీయండి. బండి నడిపేటప్పుడు మాత్రం శ్వాస మీద ధ్యాస వద్దు, దారి మీదే ఉండాల. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హ్యాండిల్ మీద రెండు అరచేతులు, మూడు శ్వాసలు, అంతే.

ఇంకొకటి, ఇది ముఖ్యం. కొందరికి శ్వాసనో గుండెనో గమనిస్తే దడ పెరుగుతుంది. అట్లయితే వెంటనే వదిలేసి కండ్లు తెరిచి అరికాళ్ల మీదికో, బయటి చప్పుళ్ల మీదికో రండి. పాత గాయాల జ్ఞాపకాలు ముంచుకొస్తా ఉంటే, నిద్ర పట్టకపోతే సాధన ఆపి డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

తాడిపత్రి_బండ
శానా సంతోషం అందరికీ. ముగ్గుతో మొదలుపెడతా. ఒక్క అనుమానం. రోజూ ఆ సమయానికి గుర్తు రాకపోతే? ముగ్గు అయిపోయినాక "అయ్యో" అనుకుంటే?

కేసీ_కాలువగట్టు
అది అందరికీ వచ్చేదే అక్కా. ముగ్గుగిన్నెను రోజూ ఉండే చోటు నుంచి మార్చండి, కొంచెం వంగి తీసుకొనేలా. ఆ వంగడమే గుర్తు. ముగ్గంతా అయినాక గుర్తొస్తే చేతికి అంటిన పిండి కడిగేటప్పుడు అర నిమిషం చేయండి, ఆ రోజుకు అదే లెక్క. మరుసటి రోజు రెట్టింపు చేయొద్దు. క్యాలెండరు గడిలో ఒక చుక్క పెట్టండి, ఎంత బాగా కుదిరిందని రాయొద్దు. రెండు వారాలైనాక గీతలు ఎక్కడ తెగుతున్నాయో ఇక్కడ చెప్పండి. నడుమ 7 చుక్కల వరస దగ్గరైతే ఒక కారణం, చివరి 4 చుక్కల దగ్గరైతే ఇంకో కారణం. చివర్లో తెగుతుంటే మనసు అప్పుడే పొయ్యి దగ్గరికి పోయిందన్నమాట, అప్పుడు 5 చుక్కలు, సందు చుక్క 3 దాకా, అంటే 19 చుక్కల ముగ్గుకు దిగండి.