పిడుదుల మందుకు అసోసియేషన్ డబ్బు పెట్టాలా?

సుధ_న్యూజెర్సీ: మా కాలనీ వెనకంతా అడవి, జింకలు రోజూ పెరట్లోకి వస్తాయి. ఈసారి అసోసియేషన్ ఫీజులోంచి అందరి పెరళ్లకూ పిడుదుల మందు కొట్టించమని అడగబోతున్నాను. పిడుదు కాటుతో బ్యాక్టీరియా ఎక్కి వచ్చే లైమ్ జబ్బు ఇక్కడ మామూలైపోయింది. మీరేమంటారు?

రఘు_పెరటితోట: వద్దండి. కనెక్టికట్, మేరీలాండ్, న్యూయార్క్‌లలో 2,700 పైచిలుకు ఇళ్లలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పరీక్షించి చూసింది, 2016లో అచ్చయింది. మందు కొట్టిన పెరళ్లలో పిడుదులు 63 శాతం తగ్గాయి. మనుషులకు కాట్లు తగ్గలేదు, జబ్బూ తగ్గలేదు. ఆ డబ్బుతో ఇంటికో పెర్మెత్రిన్ (పిడుదుల్ని చంపే మందు) సీసా ఇవ్వండి. ఒంటికి కాదు, బట్టలకూ బూట్లకూ కొట్టుకోవాలి.

సుధ_న్యూజెర్సీ: 63 శాతం తగ్గాయని మీరే అంటున్నారు కదా!

రఘు_పెరటితోట: కాట్లు తగ్గలేదని కూడా చెప్పాను. అది చదవండి.

వాణి: జింకల్ని తగ్గిస్తే? మెయిన్ రాష్ట్రంలో మోన్‌హెగన్ దీవిలో 1990ల చివర్లో జింకలన్నిటినీ ఏరేశాక పిడుదులు బాగా తగ్గాయి.

రఘు_పెరటితోట: అది దీవి. ఇక్కడ పక్క ఊరి జింక వచ్చేస్తుంది. పైగా పిడుదులకు లైమ్ బ్యాక్టీరియా అంటేది జింకల నుంచి కాదు, ఎక్కువగా తెల్లకాళ్ల ఎలుకల నుంచి. అసలు పని ఇంట్లోనే ఉంది. బయటినుంచి రాగానే స్నానం, చంకలు, చెవుల వెనక, మోకాళ్ల వెనక వెతుక్కోవడం, బట్టలు డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు. మామూలుగా పిడుదు ఒక రోజుకు పైగా పట్టుకుని ఉంటేనే జబ్బు అంటుతుంది. రోజూ చూసుకునే ఇంట్లో ఎందుకొస్తుంది?

కిరణ్: 1998లో మనుషులకు లైమ్ టీకా వచ్చింది, 2002లో కంపెనీయే అమ్మకం ఆపేసింది. కుక్కలకు మాత్రం ఇప్పటికీ ఉంది.

సుధ_న్యూజెర్సీ: రఘుగారూ, నేను రోజూ చూశానండి. జూన్‌లో తిరిగేవి పిల్ల పిడుదులు, గసగస గింజంత ఉంటాయి. మా బాబు చెవి వెనక, జుట్టు మొదట్లో ఉన్నదాన్ని పుట్టుమచ్చ అనుకున్నాను. మా చామనచాయ ఒంటి మీద లైమ్ గుర్తుగా బొమ్మల్లో చూపించే ఎర్ర వలయం తెలియనే లేదు. డాక్టరు ఏదో పురుగు కుట్టిందన్నారు. అక్టోబరులో మోకాలు బంతిలా వాచాక గాని రక్తపరీక్ష చేయలేదు. నాలుగు వారాలు మందు మింగాడు. మా అత్తగారు ఇప్పటికీ "నువ్వు సరిగ్గా చూసుకోలేదు" అంటారు. మీరూ అదే అన్నారు.

రఘు_పెరటితోట: ఆ మాట తప్పమ్మా, వెనక్కి తీసుకుంటున్నాను. బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

సుధ_న్యూజెర్సీ: పరుగెత్తుతున్నాడు. నా గొడవ శాతాల గురించి కాదండి. అడవి అందరిదీ, పిడుదు అందరి పెరట్లోనూ ఉంది, వెతికే పని మాత్రం ప్రతి ఇంట్లో తల్లి ఒక్కదానిదేనా?

రఘు_పెరటితోట: కాదు. కానీ అందరూ చేసే పని పనికొచ్చేదై ఉండాలి. అడవి అంచుకూ లాన్‌కూ మధ్య మూడడుగుల వెడల్పున చెక్క పేళ్లు పరిపించమనండి, దారి పక్క గడ్డి కొట్టించమనండి. దానికి నేను సంతకం పెడతాను. మందుకు పెట్టను.

సుధ_న్యూజెర్సీ: చెక్క పేళ్లు సరే. పిల్లలు ఆడుకునే చోట మందు కూడా అడుగుతాను. గురువారం మీటింగు.